అద్దములో కనబడిన ఆకాశము

2023వ సంవత్సరము, అక్టోబరు నెల. ఉదయము ఆరు గంటలు దాటింది. ఇంటిల్లిపాదీ చాప పరచుకొని కుటుంబ ప్రార్థనలో ఉన్నాము. మా చిన్నమ్మాయి పాట ఎత్తుకొన్నది. రెండవ చరణము దగ్గర తూర్పు కిటికీ మీద 'ఠప్'మని ఒక దెబ్బ వినబడింది. ఎవరో ఆకతాయి పిల్లలు రాయి విసిరారనుకొన్నాము. అద్దము పగలలేదు. ప్రార్థన ముగిసేదాకా ఎవరమూ లేవలేదు గాని, నిజము చెప్పాలంటే మా మనస్సు మాత్రము అప్పటికే కిటికీ దగ్గరకు వెళ్లిపోయింది.

బయటికి వచ్చి చూస్తే అరుగు మీద ఒక పిట్ట వెల్లకిలా పడి ఉన్నది. గోరింక కంటె కొంచెము చిన్నది. ఆకుపచ్చని వీపు, రెక్క మీద మెరిసే నీలము, గోధుమరంగు రొమ్ము, తోక క్రింద ఎర్రని ఎరుపు, కన్నుల మీదుగా నల్లని పట్టీ. అంత అందమైన పిట్టను మేము మా ఊరిలో అంతకు మునుపు చూడలేదు. చేతిలోకి తీసుకొన్నాము. ముక్కు రెండుసార్లు తెరిచింది. తరువాత కన్ను మూసుకొన్నది. దాని ఒంటి వేడి మాత్రము మా అరచేతిలో కొంతసేపు నిలిచే ఉన్నది.

"నాన్నా, అది మన ఇంట్లోకి రావాలనుకొన్నదా?" అని చిన్నమ్మాయి అడిగింది.

ఎన్నో ఇండ్లలో మరణపు గడియలలో మాట్లాడిన వారమే గాని, ఆ ఉదయము ఆ చిన్న ప్రశ్నకు మాకు జవాబు దొరకలేదు. ప్రియమైన చదువరులారా, ఆ జవాబును వెదకుచూ మేము తెలిసికొన్న సంగతులను ఈ నెల మీతో పంచుకోవాలనుకొన్నాము. ఎందుకంటే ఇప్పుడు మన పల్లెలలో కొత్త ఇల్లు కట్టే ప్రతి కుటుంబమూ అద్దాల కిటికీలు పెట్టుకొంటున్నది.

ఆ అద్దములు ఎలా వచ్చాయి?

మేము పరిచర్య చేయుచున్న గ్రామము నూజివీడు ప్రాంతపు మామిడి తోటల నడుమ ఉన్నది. సంఘమువారు మాకిచ్చిన ఇల్లు పాత పెంకుటిల్లు. దానికి చెక్క రెక్కల కిటికీలు, ఇనుప ఊచలు. వానకు జల్లు కొట్టేది, చలికి గాలి కొట్టేది. 2022లో సంఘ పెద్దలు పూనుకొని ఆ ఇల్లు విప్పి స్లాబు వేయించారు. గోడలు లేచాయి గాని కిటికీల దగ్గరకు వచ్చేసరికి సొమ్ము అయిపోయింది.

అప్పుడు మా సంఘములోని ఒక వృద్ధురాలు ముందుకు వచ్చారు. ఊరిలో అందరూ ఆమెను మామ్మగారు అంటారు. ఆమె భర్త నలభై సంవత్సరములు మామిడి తోటలకు, జొన్న చేలకు కావలి కాచి, ఆ ముందటి సంవత్సరమే ప్రభువునందు నిద్రించారు. పొదుపు సంఘములో దాచుకొన్న సొమ్ము తెచ్చి మా బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, ఆయన పేరున కిటికీలు పెట్టించండి. జీవితమంతా ఎండలోనూ వానలోనూ కాపలా కాశాడు. పాస్టరుగారి ఇంటికి ఎండా వానా రాకుండా ఆయన పేరు కాపలా కాస్తది" అన్నారు.

అలా అల్యూమినియం చట్రములతో, లేత నీలిరంగు అద్దములతో ఐదు కిటికీలు వచ్చాయి. పగలు బయటినుండి చూస్తే లోపల ఏమున్నదీ కనబడదు. ఎదురుగా ఉన్న మామిడి చెట్లే ఆ అద్దములలో కనబడతాయి. అవి చూచి ఊరంతా ముచ్చటపడ్డారు. మేమూ ముచ్చటపడ్డాము.

ఆ పిట్ట చనిపోయిన ఉదయము మాకు మొదట గుర్తు వచ్చినది ఈ సంగతే. అది మొదటి పిట్ట కాదు. వేసవిలో ఒక పికిలిపిట్ట, శ్రావణములో ఒక గువ్వ అదే కిటికీ క్రింద పడి ఉండగా చూచాము. పిల్లి తెచ్చి పడవేసిందనుకొని ఊరకున్నాము. ఇక ఆ సాకు చెల్లలేదు. అయితే మామ్మగారికి ఈ మాట ఎలా చెప్పగలము? భర్త పేరున ఇచ్చిన కానుక పిట్టల ప్రాణము తీయుచున్నదని ఆ తల్లితో అనడానికి మాకు నోరు రాలేదు. మా ఇంటివారితో, "ఎవరితోనూ అనకండి" అని చెప్పి, పిట్టను దానిమ్మ చెట్టు క్రింద పాతిపెట్టాము.

పిట్టకు అద్దము కనబడదు

ఆ రోజు మధ్యాహ్నము ఇంటికి పది గజముల దూరములో నిలబడి ఆ కిటికీని చూచాము. మీరు కూడ మీ ఇంటి దగ్గర ఇలా నిలబడి చూడండి. అద్దములో మామిడి కొమ్మలు, వాటి సందులలో ఆకాశము, తేలిపోయే మబ్బు తునక కనబడినవి. గాలికి బయటి ఆకు కదిలితే లోపలి ఆకూ కదిలింది. మనకు చట్రము, గోడ, గడి తెలుసు గనుక అది అద్దమని గ్రహిస్తాము. పిట్ట కిటికీ అంటే ఎరుగదు. దానికి తెలిసినవి కొమ్మ, ఆకు, ఖాళీ ఆకాశము. అవి ఎదుట కనబడితే సూటిగా ఎగిరిపోతుంది.

మనమూ అంత తెలివిగలవారము కాము. పట్టణములో బట్టల కొట్టుకు వెళ్లి శుభ్రముగా తుడిచిన గాజు తలుపుకు నుదురు కొట్టుకొన్న వారు మనలో లేరా? అందుకే ఆ తలుపుల మీద ఎర్ర అక్షరములో, పట్టీలో అంటిస్తారు. మనిషి అడుగు వేసి నడుస్తాడు గనుక బొప్పి కట్టి ఊరుకొంటుంది. పిట్ట పరుగులో వస్తుంది గనుక ప్రాణమే పోతుంది.

అద్దము రెండు విధములుగా పిట్టను మోసగిస్తుంది. మొదటిది, చెట్టును, ఆకాశమును ప్రతిబింబించుట. మా ఇంటిలో జరిగినది ఇదే. రెండవది, ఆరపారగా కనబడుట. ఒక గదికి రెండు ప్రక్కలా అద్దములుంటే పిట్ట ఇవతలి కిటికీ గుండా అవతలి తోటను చూచి, మధ్యలో దారి ఉన్నదనుకొంటుంది. వరండా మూలలకు రెండు వైపులా అద్దములు బిగించిన చోట కూడ ఇంతే.

ఆ రంగుల పిట్ట ఏమిటో మా పెద్దమ్మాయి పుస్తకములలో వెదికి కనుగొన్నది. తెలుగులో పొన్నంగి పిట్ట అంటారట. తొమ్మిది రంగులు గలదని హిందీలో నౌరంగ్ అంటారు. వానకాలములో హిమాలయముల పాదప్రాంతములలోను, మధ్య భారతపు అడవులలోను గూడు కట్టుకొని పిల్లలను పెంచి, చలి రాకమునుపే దక్షిణాదికి, శ్రీలంక వరకు కూడ వలస పోతుంది. రాత్రివేళ ఎగురుతుంది. తెల్లవారేసరికి అలసిపోయి ఏ తోటలోనో దిగుతుంది. వందల మైళ్లు చీకటిలో తోవ తప్పక వచ్చిన ప్రాణి మా కిటికీ దగ్గర తోవ తప్పిందని తెలిసినప్పుడు మా బాధ రెండింతలయింది.

చికాగోలో అదే నెల

మా సంఘములోని ఒక కుటుంబపు అబ్బాయి అమెరికాలోని చికాగో నగరములో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ వారము వాళ్ల అమ్మతో ఫోనులో మాట్లాడుచుండగా మా పిట్ట సంగతి వచ్చింది. వెంటనే అతడు, "అయ్యగారికి ఇది చెప్పమ్మా" అని అక్కడి వార్త ఒకటి చెప్పాడు.

చికాగోలో మిచిగన్ సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద ప్రదర్శనశాల ఉన్నది. దానికి గోడలన్నీ అద్దములే. 2023 అక్టోబరు 5వ తేదీ తెల్లవారేసరికి ఆ ఒక్క కట్టడము చుట్టూ 900కు పైగా వలస పక్షులు చచ్చి పడి ఉన్నాయి. అక్కడి ఫీల్డ్ మ్యూజియము వారు వాటిని ఏరి లెక్కపెట్టారు. ఆ మ్యూజియములో పనిచేసిన డేవిడ్ విల్లార్డ్ అనే ఆయన 1978 నుండి ఆ కట్టడము క్రింద పడిన పక్షులను ఏరి లెక్క వ్రాయుచు వచ్చారు. అన్ని సంవత్సరములలో అంత ఘోరమైన ఉదయము మరొకటి లేదు. ఆ రాత్రి వలస పక్షులు లెక్కలేనన్ని ఎగురుచుండగా వాన, ఎదురుగాలి వాటిని క్రిందికి దింపాయి. కట్టడపు దీపములు వాటిని దగ్గరకు లాగాయి. అద్దములు వాటిని చంపాయి.

ఇది చదివి, 'ఇంకేమి, తప్పు పట్టణపు మేడలది' అని మనము ఊపిరి పీల్చుకోవచ్చును. కాని లెక్కలు వేరుగా చెప్పుచున్నవి. 2014లో అమెరికా పరిశోధకులు ఎన్నో సర్వేలను కలిపి చూచి, ఆ దేశములో ఏటా 36 కోట్ల 50 లక్షల నుండి 98 కోట్ల 80 లక్షల వరకు పక్షులు కట్టడముల అద్దములకు కొట్టుకొని చచ్చిపోవుచున్నవని అంచనా కట్టారు. అందులో ఆకాశమునంటే మేడల పాలు నూటికి ఒకటి కంటె తక్కువ. ఒకటి నుండి మూడు అంతస్తుల వరకు ఉండే కాపురపు ఇండ్ల పాలు నూటికి 44. మిగిలినది నడితరపు కట్టడములది.

ఒక్కొక్క ఇంటి లెక్క చూస్తే ఏడాదికి సుమారు రెండు పక్షులే. రెండే కదా అని ఎవరూ పట్టించుకోరు. మేమూ పికిలిపిట్టను, గువ్వను అలాగే మరచిపోయాము. రెండేసి చొప్పున కోట్ల ఇండ్లు కలిసినప్పుడు ఆ లెక్క అంత అవుతుంది. పాపము కూడ మనుష్యుల ఇండ్లలో ఈ విధముగానే పోగుపడుతుంది గనుక మాకు ఈ లెక్క త్వరగా అర్థమయింది.

ఇంకొక సంగతి. అద్దమునకు తగిలిన పిట్టకు మెడ విరిగిందని మనము అనుకొంటాము. అమెరికాలో డేనియల్ క్లెమ్ అనే పక్షిశాస్త్ర ఆచార్యులు 1974 నుండి ఈ ఒక్క విషయమునే పరిశోధించారు. చాలా పక్షులకు మెడ ఎముక విరగదనియు, తలకు దెబ్బ తగిలి మెదడులో రక్తము చిమ్ముట వలన చనిపోవుననియు ఆయన కనుగొన్నారు. తగిలిన పక్షులలో దాదాపు సగము చనిపోవుచున్నవని ఆయన లెక్క. లేచి ఎగిరిపోయినది కూడ కొన్ని గంటల తరువాత ఏ పొదలోనో చనిపోవచ్చును. కాబట్టి కిటికీ క్రింద ఏమీ కనబడలేదని నిశ్చింతగా ఉండడానికి లేదు. పడినదానిని మనకంటె ముందు పిల్లో కాకో కుక్కో ఎత్తుకొని పోతుంది.

కొట్లాడే పిట్ట వేరు

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. కొన్ని పిట్టలు కిటికీ మీద వ్రాలి టకటకమని ముక్కుతో పొడుస్తాయి. మా మోటారు సైకిలు అద్దము మీద ప్రతి ఫిబ్రవరిలో ఒక మగ తేనెపిట్ట ఇలా యుద్ధము చేసేది. గూడు కట్టే కాలములో మగ పిట్ట తన హద్దులోనికి వేరొక మగ పిట్టను రానివ్వదు. అద్దములో తనను తానే చూచి, శత్రువు వచ్చాడని పోరాడుతుంది. ఎంత పొడిచినా శత్రువు పారిపోడు. దీనివలన పిట్ట సాధారణముగా చనిపోదు గాని వట్టిగా అలసిపోతుంది. మోటారు సైకిలు అద్దమునకు ఒక గుడ్డ సంచి తొడిగితే, కిటికీకైతే బయటివైపు కాగితమో గోనె పట్టో కొన్నాళ్లు కట్టితే చాలు. తన రూపముతోనే యుద్ధము చేసి అలసిపోయేవారు మనుష్యులలోనూ ఉన్నారు, గాని ఆ ప్రసంగము మరొకనాడు చేసుకొందాము.

మామ్మగారు దాచిన సంగతి

మేము మొదట చేసిన పని పొరబాటుపని. గద్దను చూస్తే పిట్టలు భయపడతాయని ఎవరో చెప్పగా, నల్ల కాగితముతో గద్ద బొమ్మ కత్తిరించి అద్దము నడుమ అంటించాము. నాలుగు రోజులకు ఒక పికిలిపిట్ట ఆ బొమ్మ ప్రక్కనే జానెడు దూరములో తగిలి పడింది. కదలని గద్దకు ఏ పిట్టా భయపడదు. బొమ్మను తప్పించుకొని ప్రక్కనున్న ఆకాశములోనికి పోబోతుంది. లోపల తెరలు కట్టి చూచాము. అద్దము బయటి ముఖము మీది ప్రతిబింబము అలాగే ఉన్నది.

ఆ పికిలిపిట్టను తీయడానికి మేము తెల్లవారు జామునే బయటికి వచ్చాము. అప్పటికే మామ్మగారు చీపురు పట్టుకొని అక్కడ వంగి ఉన్నారు. మా వాకిలి ఊడ్వడము ఆమె ఎవరూ చెప్పకుండా తనకు తానే పెట్టుకొన్న పని. మమ్మును చూచి చప్పున కొంగు మూసుకొన్నారు. కొంగులో పిట్ట ఉన్నది.

కొంతసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

"ఎన్నాళ్లనుండి, మామ్మగారూ?" అని అడిగాము.

"నిరుటి నుంచీ అయ్యగారూ. నేను ఏరినవి ఇది తొమ్మిదోది. మీకు తెలిస్తే ఇల్లు కట్టిన సంతోషం పోద్దని, పాపాయి చూస్తే బెంగపడద్దని, చీకటితోనే వచ్చి ఏరి తోటలో పాతేస్తున్నా."

మేము ఆమెకు తెలియకూడదని దాచాము. ఆమె మాకు తెలియకూడదని దాచారు. నడుమ పిట్టలు చచ్చిపోవుచునే ఉన్నాయి. ప్రేమ చేత దాచినదైనా, దాచినంత కాలము ఎవరికీ మేలు జరగదని ఆ ఉదయము నేర్చుకొన్నాము.

ఆమె అరుగు మీద కూర్చొని, "మా ఆయన నలభై ఏళ్లు వడిసెల తిప్పాడయ్యా. చిలకల మందలు జొన్న మీద పడతుంటే కేకేసి రాయి పైకి విసిరేవాడు. ఒక్క పిట్టను కూడా కొట్టలేదు. 'అదిరిస్తే పోతాయే, చంపడమెందుకు' అనేవాడు. ఇప్పుడు ఆయన పేరున పెట్టిన అద్దం చంపతా ఉంది" అని కన్నులు తుడుచుకొన్నారు. ఆ మాట తరువాత ఆ అద్దములను అలా వదలడము మాకు సాధ్యము కాలేదు.

చుక్కలు పెట్టిన శనివారము

చికాగో అబ్బాయి సమాచారము సంపాదించి పంపాడు. అద్దము బయటి ముఖము మీద, రెండు అంగుళములకు ఒకటి చొప్పున, అడ్డముగాను నిలువుగాను గుర్తులు ఉంటే పిట్ట వాటి సందులలోనుండి దూరిపోలేనని గ్రహించి ప్రక్కకు తిరుగుతుందట. గుర్తు పావు అంగుళమైనా ఉండాలి. విదేశములలో దీనికి చుక్కల పొరలు అమ్ముతారు. ఆ సంగతి విని మామ్మగారు, "చుక్కలేగా అయ్యగారూ! రోజూ నేల మీద పెట్టేవాళ్లు మన ఊళ్లో తక్కువా?" అన్నారు.

సంఘ పెద్ద ఒకరు మాత్రము, "పాస్టరుగారి ఇంటికి ముగ్గులా?" అని సందేహపడ్డారు. మామ్మగారు నవ్వి, "గీతలు కలిపితే గదయ్యా ముగ్గు. కలపకపోతే చుక్కలు చుక్కలే" అన్నారు. ఆయనా నవ్వి, రంగు డబ్బా తానే కొని తెచ్చారు.

2023 డిసెంబరు మొదటి శనివారము స్త్రీల సమాజమువారు, సండేస్కూలు పిల్లలు కలిసి వచ్చారు. అద్దములు సబ్బునీటితో కడిగి ఆరనిచ్చాము. తెల్ల ఎనామిల్ రంగు ఒక చిన్న గిన్నెలో పోసి, పెన్సిలు వెనుకనున్న రబ్బరును అందులో ముంచి చుక్క పెట్టాము. దూరమునకు కొలత మూడు వ్రేళ్ల వెడల్పు. నాలుగు అడుగుల పొడవు, మూడు అడుగుల ఎత్తు గల కిటికీకి వరుసకు 24 చొప్పున 18 వరుసలు, మొత్తము 432 చుక్కలు పడతాయి. ఐదు కిటికీలకు రెండు వేలు దాటాయి. మధ్యాహ్నము భోజనాల వేళకు పని ముగిసింది. లోపలినుండి చూస్తే తోట తోటలాగే కనబడుచున్నది. వారము తిరిగేసరికి చుక్కలున్నాయన్న సంగతే మేము మరచాము.

చికాగోలోని ఆ ప్రదర్శనశాలకు కూడ 2024లో ఇటువంటి చుక్కల పొరనే అంటించారు. ఆ సంవత్సరపు వలస కాలములో అక్కడి పక్షి మరణములు దాదాపు నూటికి 95 వంతులు తగ్గాయని లెక్కలు వచ్చాయి. అంత పెద్ద కట్టడమునకు పనిచేసినదీ, మా స్త్రీల సమాజము పెన్సిలు రబ్బరుతో చేసినదీ ఒకే ఉపాయము.

మీ ఇంటిలో చేయదగినవి

రంగు వేయడము ఇష్టము లేని వారు కిటికీకి బయటివైపు దోమల జాలీ బిగించుకొనవచ్చును. జాలీ ఉంటే అద్దము మెరవదు, తగిలినా దెబ్బ తక్కువ. జాలీ అద్దమునకు లోపల ఉంటే మాత్రము పిట్టకు ప్రయోజనము లేదు. సన్న కన్నుల వలను అద్దమునకు మూడు అంగుళములు ఎడముగా, వదులు లేకుండా లాగి కట్టినా మంచిదే. వదులు వలలోను, పెద్ద కన్నుల వలలోను పిట్టలు చిక్కుకొంటాయి.

వేసవిలో పిట్టలకు నీళ్ల ముంత పెట్టే వారు, వరి కంకుల కుచ్చులు వ్రేలాడదీసే వారు మన ఇండ్లలో చాలామంది ఉన్నారు. అవి కిటికీకి మూడు అడుగుల లోపునే ఉండాలి, లేదా ముప్పది అడుగులకు పైగా దూరమున ఉండాలి. దగ్గరనుండి లేచిన పిట్టకు వేగము ఉండదు గనుక తగిలినా బ్రతుకుతుంది. నడిమి దూరమే ప్రమాదము.

రాత్రి అవసరము లేని బయటి దీపములు ఆర్పండి. ముఖ్యముగా అక్టోబరు, నవంబరు నెలలలో రాత్రివేళ వలస పోయే పిట్టలు వెలుతురుకు దారి తప్పుతాయి. కరెంటు బిల్లు కూడ తగ్గుతుంది.

కొత్త ఇల్లు కట్టుకొనేవారు అద్దము కొనేటప్పుడే ఆలోచించండి. తళతళ మెరిసే అద్దము కంటె గరుకు అద్దము, గీతల అద్దము పిట్టలకు మేలు.

పిట్ట పడిపోతే

మేము పెద్ద తప్పు ఒకటి చేయబోయి ఆగాము గనుక దీనిని వివరముగా వ్రాయుచున్నాము. పడిన పిట్టను చూడగానే మనవారు నోరు తెరిచి నీళ్లు పోస్తారు. అది దయతో చేసే పనే గాని, స్పృహ లేని పిట్టకు ఆ నీళ్లు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. నీళ్లు, నూకలు ఏమీ పెట్టవద్దు.

ఒక అట్టపెట్టెకు చిన్న చిన్న రంధ్రములు చేసి, అడుగున పాత గుడ్డ పరచి, పిట్టను మెల్లగా అందులో ఉంచి మూత వేయండి. చీకటి, నిశ్శబ్దము దానికి మందు. పిల్లలు మాటిమాటికి మూత తీసి చూడకుండా కాపాడండి. పిల్లికి, చీమలకు అందని చోట ఉంచండి. గంట, రెండు గంటల తరువాత పెట్టెను బయట చెట్టు దగ్గరకు తీసికొని వెళ్లి మూత తీయండి. కోలుకొన్నదైతే ఎగిరిపోతుంది. రెక్క వ్రేలాడుచున్నా, రక్తము కారుచున్నా, లేవలేకపోయినా దగ్గరలోని పశువుల డాక్టరుగారికి గాని అటవీశాఖ వారికి గాని అప్పగించండి.

బ్రతికింది కదా అని పంజరములో పెట్టుకొనకూడదు. మన అడవి పక్షులను పట్టి ఉంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. దేవుడు రెక్కలిచ్చిన ప్రాణిని ఆకాశమునకే తిరిగి ఇవ్వాలి.

తరువాత

చుక్కలు పెట్టిన తరువాత మా ఇంటిలో మళ్లీ ఒక్క దెబ్బే వినబడింది. 2024 వేసవిలో ఒక గువ్వ రెక్క తాటించి, వెనుకకు తిరిగి వేపచెట్టు మీదికి పోయింది. ఆ తరువాత మామ్మగారి కొంగులో మేము ఏ పిట్టనూ చూడలేదు. ఇప్పుడు ఆమె చీకటితో రారు, తెల్లవారిన తరువాతే వస్తారు.

పిచ్చుకలను గూర్చి ప్రభువు చెప్పిన మాట మీకు తెలిసినదే. ఆ వాక్యము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. మనుష్యులమైన మనము విలువగలవారమనే వరకు చెప్పి ముగించేవారము. పడిన పిచ్చుకను తండ్రి చూచుచున్నాడన్న మొదటి సగము దగ్గర మేము ఎన్నడూ ఆగలేదు. ఆయన చూచుచున్నదానిని మనము చూడకుండా తుడిచి పెట్టుట ఎలా?

2024 అక్టోబరులో ఒక ఉదయము మామ్మగారు మెల్లగా వచ్చి మా తలుపు తట్టారు. నోటి మీద వ్రేలు పెట్టుకొని రమ్మని సైగ చేశారు. తూర్పు కిటికీ ఎదుట మామిడి చెట్టు క్రింద, రాలిన ఆకులను ముక్కుతో తిరగవేయుచు, పురుగులు ఏరుకొంటూ ఒక పొన్నంగి పిట్ట తిరుగుచున్నది. ఆకుపచ్చ వీపు, నీలి రెక్క, ఎర్రని తోక అడుగు. చిన్నమ్మాయిని లేపుకొని వచ్చాము. అందరమూ ఊపిరి బిగబట్టి చూచాము. అది తల ఎత్తి కిటికీ వైపు ఒకసారి చూచి, మళ్లీ ఆకులలో పడింది.

ఆ రోజు మామ్మగారు వాకిలి సగమే ఊడ్చి, చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయారు. మిగిలిన ఆకులు చెట్టు క్రిందనే ఉండనిచ్చాము.